ఇంగ్లండ్‌లో కంట్రీ హౌస్‌ను పెళ్లికి మాట్లాడుకుంటున్నారా? అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలలో, పిల్లల పెళ్లిని ఏదైనా పాత కంట్రీ హౌస్‌లో (పల్లెప్రాంతంలోని పెద్ద భవంతిలో) సెలబ్రెంట్ చేత, అంటే వేడుకను నడిపించడానికి మనం కుదుర్చుకునే వ్యక్తి చేత, జరిపించాలని అనుకుంటున్న వారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. గత శ్రావణ మాసంలో మా అమ్మాయి పెళ్లి గ్లాస్టర్‌షైర్‌లోని అలాంటి ఒక భవనంలో చేశాము. వారితో డబ్బు లెక్క ఇంకా తేలలేదు కాబట్టి ఆ భవనం పేరు ఇక్కడ రాయడం లేదు. అయితే మాకు ఎదురైన ఇబ్బందుల్లో చాలా వరకు ఆ ఒక్క భవనానికే పరిమితమైనవి కావు. సరైన ప్రశ్న సరైన సమయంలో అడగకపోతే ఏ కంట్రీ హౌస్‌లోనైనా ఎదురుకాగలిగినవే.

మా అల్లుడు ఇంగ్లీషు అబ్బాయి. రిజిస్ట్రార్ జరిపే సివిల్ వివాహంలో మతపరమైన విధి ఏదీ ఉండకూడదని ఇక్కడి చట్టం చెబుతుంది కనుక, జీలకర్ర బెల్లం, మంగళసూత్ర ధారణ, సప్తపది అందులో కుదరవు. చర్చిలో చేసుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. సెలబ్రెంట్ అయితే మన పంతులుగారు మంత్రాలు చదువుతుండగా వాటి అర్థాన్ని ఇంగ్లీషు బంధువులకు వివరిస్తూ, మధ్యలో పిల్లలిద్దరి ప్రమాణాలు కూడా చేయించి, రెండు వైపుల వారూ పీటల మీద జరిగేది అర్థం చేసుకునేలా నడిపిస్తారు. ఆ ఆలోచన మంచిదే అని ఇప్పటికీ అంటాను. మాకు దొరికిన సెలబ్రెంట్ ఎంతో నిజాయితీ గల మనిషి. పొరపాటు జరిగింది భవనం దగ్గర, మేము అడిగిన ప్రశ్న దగ్గర.

అక్టోబరులో చూడడానికి వెళ్లినప్పుడు ఆ రాతి భవనం, ముందున్న విశాలమైన పచ్చిక, పెద్ద దేవదారు చెట్టు అందరికీ నచ్చాయి. పెళ్లికి మీ భవనానికి లైసెన్సు ఉందా అని అడిగాను. పూర్తిగా లైసెన్సు ఉన్న వేదిక అని అక్కడి కోఆర్డినేటర్ జవాబు చెప్పి, తమ కరపత్రంలో ఒక జంట బల్ల దగ్గర కూర్చుని సర్టిఫికెట్ మీద సంతకం చేస్తున్న ఫోటో చూపించింది. ఇండియన్ పెళ్లిళ్లు చాలా చేశామని, సెలబ్రెంట్‌తో ఇక్కడే అంతా పూర్తవుతుందని కూడా అన్నది. ఆ మాటలు నమ్మి అద్దెలో పాతిక శాతం, అంటే 2,850 పౌండ్లు, ఆ వారంలోనే కట్టేశాము.

మే నెల చివరలో సెలబ్రెంట్ మాకు రాసిన ఉత్తరంలో, రిజిస్ట్రార్లను ఏ రోజుకు పెట్టుకున్నారు అని మామూలుగా అడిగింది. తను జరిపే వేడుకకు చట్టపరమైన విలువ ఏమీ ఉండదని, ఆ సంగతి మాకు ముందే తెలుసు అనుకున్నానని వివరించింది. వెంటనే ఆ కౌంటీ రిజిస్ట్రేషన్ సర్వీసుకు ఫోన్ చేస్తే, వివాహాలకు ఆమోదం పొందిన భవనాల జాబితాలో ఆ ఇల్లు లేదని చెప్పారు. కోఆర్డినేటర్ చెప్పిన లైసెన్సు 2003 నాటి లైసెన్సింగ్ చట్టం కింద మద్యం అమ్మడానికి, సంగీతం పెట్టుకోవడానికి ఇచ్చేది. మేము అడిగింది వివాహానికి కావలసిన ఆమోదం గురించి. ఒకే మాటకు ఉన్న ఈ రెండు అర్థాల మధ్య మేము ఏడు నెలలు నిశ్చింతగా ఉండిపోయాము.

ఫోటోలో చూసిన సర్టిఫికెట్ కూడా జ్ఞాపకం కోసం ఇచ్చే కాగితం మాత్రమే. 2021 మే 4 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో వధూవరులు, సాక్షులు సంతకం చేసేది మ్యారేజ్ షెడ్యూల్ అనే పత్రం మీద. ఆ వివరాలు ఎలక్ట్రానిక్ రిజిస్టరులోకి ఎక్కిన తర్వాతే అసలైన సర్టిఫికెట్ వస్తుంది. సెలబ్రెంట్ ఎంత అందమైన కాగితం చేతికిచ్చినా అది పాస్‌పోర్టుకు గాని, వీసాకు గాని, పింఛనుకు గాని పనికిరాదు.

కాగితమే కదా, తర్వాత చూసుకుందాం అనుకునే వారు ఒక తీర్పు గురించి తెలుసుకోవాలి. 2020 ఫిబ్రవరిలో ఇక్కడి అప్పీలు న్యాయస్థానం, లండన్‌లోని ఒక రెస్టారెంటులో ఇమాం సమక్షంలో నికా చేసుకుని, తర్వాత చట్టబద్ధ వివాహం చేసుకోకుండానే చాలా ఏళ్లు కాపురం చేసి పిల్లలను కన్న దంపతుల విషయంలో, అది చెల్లని వివాహమని కూడా అనడానికి వీలు లేదని, చట్టం దృష్టిలో అసలు వివాహమే జరగలేదని తేల్చింది. చెల్లని వివాహం అని తేలినా భార్యకు ఆస్తిలో వాటా కోరే దారి ఉంటుంది. అసలు వివాహమే కాదంటే విడాకుల కోర్టులో ఆ దారి కూడా మూసుకుపోతుంది. మన పీటల మీద పెళ్లికి, సెలబ్రెంట్ వేడుకకు కూడా ఇదే పరిస్థితి వర్తిస్తుంది. ఆడపిల్ల తల్లిగా ఆ తీర్పు గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇదంతా ఇంగ్లండ్, వేల్స్‌ల సంగతి. ఇక్కడి చట్టం వివాహం ఏ భవనంలో జరిగిందన్నది ముఖ్యంగా చూస్తుంది. హోటళ్లు, పాత బంగ్లాల వంటి వాటికి ఆమోదం ఇచ్చే పద్ధతి 1995లో మొదలైంది. స్కాట్లండ్‌లో అలా కాదు, జరిపించే వ్యక్తికి అధికారం ఉందా లేదా అన్నదే ప్రధానం. అక్కడ హ్యూమనిస్ట్ (మతంతో సంబంధం లేని మానవవాద) సెలబ్రెంట్లు జరిపించే వివాహాలు 2005 నుంచి, ఉత్తర ఐర్లండ్‌లో 2018 నుంచి చట్టబద్ధంగా చెల్లుతున్నాయి. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఉన్న బంధువుల పెళ్లి చూసి వచ్చి, ఇక్కడ కూడా అంతేనని అనుకున్న వారిలో మేమూ ఉన్నాము. ఇక్కడ కూడా భవనాన్ని వదిలి వ్యక్తిని చూసే పద్ధతి రావాలని, చట్టాల మార్పులపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే లా కమిషన్ 2022 జులైలో సిఫారసు చేసింది. దాన్ని చూపించి ఇప్పుడు సెలబ్రెంట్ ఒక్కరే చాలునని ఎవరైనా చెబితే నమ్మవద్దు. సిఫారసు వేరు, అమలులో ఉన్న చట్టం వేరు.

సంగతి తెలిసిన తర్వాత మాకు మిగిలిన దారి రిజిస్టర్ ఆఫీసులో విడిగా వివాహం చేయించడమే. దానికి వధూవరులు ఇద్దరూ తాము నివసించే ప్రాంతపు రిజిస్టర్ ఆఫీసుకు స్వయంగా వెళ్లి, పెళ్లి చేసుకోబోతున్నామని నోటీసు ఇవ్వాలి. ఇచ్చిన తర్వాత 28 రోజులు ఆగాలి. వీసా మీద ఉన్న వారి విషయంలో ఆ గడువును 70 రోజుల దాకా పొడిగించవచ్చు. నోటీసులో వివాహం జరిగే చోటు పేరు రాయాలి, ఆ చోటు మారితే మళ్లీ కొత్త నోటీసు ఇవ్వాలి. మాకు నోటీసుకు సమయం దొరకడానికే రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత పెళ్లిలోపు దొరికిన ఒకే ఒక ఖాళీ జులైలో ఒక మంగళవారం, అదీ ఆషాఢ మాసంలో పడింది. ఆషాఢంలో పెళ్లి చేయని కుటుంబం మాది. అయినా మా అమ్మాయి మ్యారేజ్ సర్టిఫికెట్ మీద జీవితాంతం ఉండబోయేది ఆ తేదీయే. పంతులుగారు అది ప్రభుత్వ నమోదు మాత్రమే, పెళ్లి కాదు అని ఓదార్చారు. మా వియ్యపురాలికి మాత్రం ఏ ఓదార్పూ సరిపోలేదు. ఆమెకు కొడుకు పెళ్లి అంటే ఆ సంతకం చేసే క్షణమే. ఆ రోజు సెలవు దొరకక ఆమె రాలేకపోయింది. ఇద్దరు స్నేహితులు సాక్షి సంతకాలు చేశారు.

కాబట్టి భవనం వారిని లైసెన్సు ఉందా అని అడగవద్దు. సివిల్ వివాహాలకు కౌంటీ కౌన్సిల్ ఇచ్చిన ఆమోదం ఉందా, ఉంటే ఏ గదులకు, ఏ తేదీ వరకు అని అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కౌన్సిల్ వద్ద ఉన్న జాబితాను మీరే చూడండి. ఆమోదం ఉన్నంత మాత్రాన రిజిస్ట్రార్లు వస్తారన్న హామీ లేదు. వారిని భవనం ఉన్న కౌంటీ నుంచి మీరే విడిగా పెట్టుకోవాలి, వేసవి శనివారాలు చాలా ముందే నిండిపోతాయి. నోటీసు మీ ఊరి ఆఫీసులో, రిజిస్ట్రార్లు భవనం ఉన్న ఊరి ఆఫీసు నుంచి. ఈ రెండూ ఒకటే అనుకుని ఒకచోట ఫోన్ చేసి ఊరుకున్న కుటుంబం ఒకటి నాకు తెలుసు. రిజిస్ట్రార్ల తేదీ ఖాయమైన తర్వాతే భవనానికి అడ్వాన్సు కట్టడం మంచిది. సెలబ్రెంట్ వేడుకకు మాత్రమే ఆ భవనం కావాలి, చట్టబద్ధ వివాహం వేరే చోట చేసుకుంటాము అనుకుంటే ఆమోదం లేని భవనమైనా ఇబ్బంది లేదు. ఆ నిర్ణయం తెలిసి తీసుకోవాలి, అంతే.

ఇక హోమం విషయం. చూడడానికి వెళ్లిన రోజు అగ్నిహోత్రం ఉంటుందని స్పష్టంగా చెప్పాము, తలూపారు. పెళ్లికి మూడు వారాల ముందు, భవనం గ్రేడ్ టూ జాబితాలో ఉన్న చారిత్రక కట్టడం కనుక లోపల మంట పెట్టకూడదని, కొవ్వొత్తులు కూడా బ్యాటరీవే వాడాలని ఉత్తరం వచ్చింది. చారిత్రక జాబితాలో ఉండడం వల్ల మాత్రమే నిషేధం వచ్చిందని వారు రాశారు. గట్టిగా అడిగితే అసలు అడ్డంకి వారి బీమా షరతులని తేలింది. పచ్చికలో వేసే టెంటులోనూ టెంటు అద్దెకిచ్చిన వారు ఒప్పుకోలేదు. చివరికి కంకర పరచిన ఆవరణలో, ఆర్పే సాధనాలు పక్కన పెట్టుకుని, ఇత్తడి హోమగుండం పెట్టుకోనిచ్చారు. పెళ్లి పీటలు ఒకచోట, హోమం ఇంకోచోట. ముసలివాళ్లు కుర్చీలలోంచి లేచి అక్కడికి నడవలేక సప్తపది చూడలేకపోయారు. హోమగుండం కొలత, మంట ఎంతసేపు ఉంటుంది, ఎక్కడ పెడతారు అన్నవి ఒప్పంద పత్రంలోనే రాయించుకోండి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించినది సౌండ్ లిమిటర్. చుట్టుపక్కల ఊళ్లకు శబ్దం ఇబ్బంది కాకుండా చాలా కంట్రీ హౌస్‌లలో దీన్ని పెడతారు. గోడ మీది మైకు శబ్దాన్ని కొలుస్తూ ఉంటుంది. నిర్ణయించిన డెసిబెల్స్ దాటి కొన్ని సెకన్లు గడిస్తే ఆ హాలులోని ప్లగ్గులకు కరెంటు ఆపేస్తుంది. సన్నాయి, డోలు కరెంటుతో నడిచేవి కావు కదా, వాటికేమిటి అని మేము పట్టించుకోలేదు. లిమిటర్‌కు శబ్దం ఎక్కడి నుంచి వచ్చినా ఒకటే. మంగళసూత్ర ధారణ వేళ పంతులుగారు చెయ్యెత్తి గట్టిమేళం అనగానే డోలు ఊపందుకున్నది, యంత్రం ఎర్రదీపం వెలిగించి కరెంటు తీసేసింది. డోలు మోగుతూనే ఉంది, సెలబ్రెంట్ చేతిలోని మైకు మాత్రం మూగబోయింది. మాంగల్యం తంతునానేన శ్లోకానికి అర్థం చెప్పాలని ఆమె వారాల తరబడి సాధన చేసిన నాలుగు వాక్యాలు ఎవరికీ వినపడలేదు. వియ్యంకుడి వైపు వారికి ఆ క్షణం ఏమిటో తెలియకుండానే గడిచిపోయింది. వీడియోలో కూడా అక్కడ మాట లేదు. భవనంలో లిమిటర్ ఉందా, ఎన్ని డెసిబెల్స్‌కు పెట్టారు అని అడగండి. వీలైతే మీ మేళం వారిని ఒకసారి తీసుకువెళ్లి అక్కడ వాయించి చూడండి.

ఆవరణ మొత్తం మీకే అన్న మాటను కూడా పరీక్షించాలి. మా పచ్చిక అంచున ప్రజలు నడిచే హక్కు ఉన్న దారి ఒకటి ఉన్నది. ఇంగ్లండ్‌లో అలాంటి ఫుట్‌పాత్‌ను ఇంటి యజమాని మూసివేయడానికి వీలు లేదు. తలంబ్రాల వేళ కుక్కలతో నడుచుకుంటూ వచ్చిన వారు పాపం ఏమీ తప్పు చేయలేదు. ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నన్స్ సర్వే వారి 1:25,000 ఎక్స్‌ప్లోరర్ మ్యాపులో ఆ దారులు ఆకుపచ్చ గీతలుగా కనిపిస్తాయి, ముందే చూసి ఉండవలసింది. వర్షం వస్తే లోపల వాడుకునే గదిలో ఎంతమంది పడతారన్నది కూడా అప్పుడే అడగాలి. మాకు 140 మంది అతిథులు, ఆ గదికి అనుమతి 80 మందికి. దేవుని దయ వల్ల వర్షం రాలేదు. భోజనానికి వారి జాబితాలోని క్యాటరర్లనే పెట్టుకోవాలన్న షరతును, బయటి వారిని తెస్తే విడిగా కట్టవలసిన రుసుమును, చెప్పిన ధరలో 20 శాతం వ్యాట్ కలిసి ఉందో లేదో తప్పక చదవండి.

డబ్బు కట్టే పద్ధతిలోనూ మేము పొరబడ్డాము. వారు పంపిన బిల్లులో బ్యాంకు ఖాతా వివరాలు మాత్రమే ఉంటే అలాగే పంపించాము. వంద పౌండ్ల కంటే ఎక్కువ, 30,000 పౌండ్లకు మించని సేవకు అడ్వాన్సులో కొంత భాగమైనా క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు సంస్థ కూడా మొత్తానికి బాధ్యత వహించేది. బ్యాంకు ద్వారా పంపినందున ఆ రక్షణ మాకు లేకుండా పోయింది. సంగతి బయటపడిన తర్వాత మానుకుంటామంటే, అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు, మిగతా అద్దె కూడా కట్టాలి అని వారు ఒప్పందాన్ని చూపించారు. ఆహ్వానాలు వెళ్లిపోయాయి, ఇండియా నుంచి వచ్చే వారి టిక్కెట్లు కొనేశారు, అందువల్ల అక్కడే చేయక తప్పలేదు. అయితే ఒప్పందంలో రాసి ఉన్నదల్లా చెల్లదు. వినియోగదారుడికి అన్యాయం చేసే షరతు అతనిని కట్టిపడేయలేదని 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం చెబుతుంది. ఒప్పందానికి ముందు వ్యాపారి తన సేవ గురించి చెప్పిన మాటను నమ్మి నిర్ణయం తీసుకుంటే ఆ మాట కూడా ఒప్పందంలో భాగమవుతుందని అదే చట్టంలో ఉన్నది.

ఆ రెండింటి ఆధారంగా, రిజిస్టర్ ఆఫీసు ఖర్చులతో సహా మాకు రావలసినది లెక్క వేసి భవనం వారికి ఉత్తరం రాశాను. అక్టోబరులో కోఆర్డినేటర్ పంపిన ఈమెయిల్‌లో పూర్తి లైసెన్సు అనే మాట అలాగే ఉన్నందుకు, దాన్ని తీసివేయకుండా దాచినందుకు ఇప్పుడు ఎంతో మేలు జరిగింది. మొదట వారు 400 పౌండ్లు ఇస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వారి సలహా తీసుకుని, 10,000 పౌండ్ల లోపు వివాదాలు వినే కోర్టు స్మాల్ క్లెయిమ్స్ విభాగంలో దావా వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. వారికి ఇచ్చిన చివరి గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది.