రెస్టిక్ బ్యాకప్: హోస్టింగ్ వ్యాపారంలో నాలుగేళ్ల వాడకం తరువాత

విజయవాడలో నలభై చిన్న వెబ్‌సైట్లకు హోస్టింగ్ ఇస్తూ బతుకుతున్న నేను ఈ వ్యాపారంలోకి దిగడానికి ఒక ఈమెయిలే కారణం. అంతకుముందు సైట్లు తయారుచేసి వేరొక సంస్థ రీసెల్లర్ ప్లాన్‌లో, అంటే ఆ సంస్థ సర్వర్లో కొంత చోటు కొని నా ఖాతాదారులకు ఇచ్చే పద్ధతిలో, పెట్టేవాడిని. పటమటలోని ఒక పాఠశాల సైటు చెడిపోయినప్పుడు, "రోజువారీ బ్యాకప్" అని పెద్ద అక్షరాలతో ప్రకటించుకున్న ఆ సంస్థను పాత కాపీ అడిగితే, బ్యాకప్ అన్నది మర్యాద కొద్దీ ఇచ్చే సౌకర్యమే తప్ప హామీ కాదని మూడో రోజున జవాబు వచ్చింది. నిబంధనల్లో ఆ మాట నిజంగానే ఉన్నది. చదవకపోవడం నా తప్పు. అది 2021 మార్చి. ఆ నెల 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ సంస్థ డేటా సెంటర్ తగలబడి, బ్యాకప్‌ను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కొందరు అసలూ నకలూ రెండూ పోగొట్టుకున్నారు. దానితో సర్వర్ నేనే అద్దెకు తీసుకోవాలనీ, బ్యాకప్ నా చేతిలోనే ఉండాలనీ తేల్చుకుని, ఆ పనిని రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాముకు అప్పగించాను.

అది ఉచితమనీ, కాపీలను గుప్తీకరించి దాస్తుందనీ, ఒకసారి దాచిన ముక్కను మళ్లీ దాచదనీ అందరికీ తెలిసిందే. నన్ను కట్టిపడేసింది మాత్రం దాని మౌంట్ సదుపాయం. ఒక్క ఆదేశం ఇస్తే అన్ని స్నాప్‌షాట్లూ, అంటే ఒక్కోసారి తీసిన బ్యాకప్‌లన్నీ, తారీఖుల పేర్లతో మామూలు ఫోల్డర్లుగా కనిపిస్తాయి. లబ్బీపేట డాక్టరుగారి సైట్లో ఒక ఫొటో పోతే, మొన్నటి తారీఖులోకి వెళ్లి ఆ ఒక్క ఫొటోనే తెచ్చి పెట్టవచ్చు; మొత్తం సైటును వెనక్కి తిప్పనక్కరలేదు. మొదటి రెండేళ్లు దీన్ని కనిపించిన ప్రతివాడికీ పొగిడాను.

2023 మిర్చి సీజన్‌లో ఒక ఉదయం గుంటూరు యార్డు నుంచి ఒక కమిషన్ వ్యాపారి ఫోను చేశారు. "ఏమండీ, మా రేట్ల పేజీ తెల్లకాగితంలా ఉందేంటండీ? రైతులు ఫోన్లు చేసి చంపేస్తున్నారు." తేజ ఎంత, బ్యాడిగ ఎంత, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి అని ఆయన గుమాస్తా రోజూ ఎక్కించే పేజీ అది. ఎవరో ప్లగిన్ మార్చబోయి డేటాబేస్‌ను పాడుచేశారు. నేను ధీమాగా మౌంట్ చేసి, రాత్రి తీసిన డేటాబేస్ డంప్‌ను, అంటే డేటాబేస్ అంతటినీ రాసిపెట్టిన ఫైలును, విప్పి చివరి వరుస చూశాను. డంప్ పూర్తయిందని చెప్పే వరుస అక్కడ లేదు; ఒక టేబుల్ మధ్యలో రాత ఆగిపోయి ఉన్నది. అంతకుముందు రాత్రిదీ అంతే. అలా వెనక్కి వెనక్కి వెళితే తొమ్మిది రాత్రుల ఫైళ్లు సగానికి తెగి ఉన్నాయి, పదో రాత్రిది బాగున్నది.

లోపం రెస్టిక్‌ది కాదు, నా స్క్రిప్టుది. మైఐశామ్ అనే పాత రకం టేబుల్ ఒకటి దెబ్బతినడంతో, డంప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ ఆదేశం మధ్యలోనే ఆగిపోయేది. దాని వెనుక పైపుతో తగిలించిన, ఫైళ్లను కుదించే జీజిప్ మాత్రం, అందినంత కుదించి, పని సవ్యంగా ముగిసిందని చెప్పేది. ఆదేశాలను నడిపే షెల్ ఆ వరుసలో చివరి ఆదేశం మాటనే నమ్ముతుంది కనుక, నాకు రోజూ "సఫలం" అనే సందేశమే వచ్చేది. తెగిన ఫైలును రెస్టిక్ ఎంతో భద్రంగా దాచింది. దాని చెక్ ఆదేశం కూడా, దాచినది దాచినట్టు ఉన్నదా అని చూస్తుందే తప్ప దాచినదానిలో సారం ఉన్నదా అని చూడదు. నేను బస్సెక్కి గుంటూరు వెళ్లి, గుమాస్తా పక్కన కూర్చుని, ఆయన రైతులకు పంపిన వాట్సాప్ సందేశాలు చూసుకుంటూ తొమ్మిది రోజుల రేట్లూ చేత్తో ఎక్కించి వచ్చాను. వ్యాపారి కోప్పడలేదు, టీ తెప్పించారు. కోప్పడి ఉంటేనే నాకు కాస్త తేలికగా ఉండేది.

తరువాత స్క్రిప్టులో, వరుసలో ఏ ఆదేశం విఫలమైనా మొత్తం విఫలమైనట్టు చెప్పించే పైప్‌ఫెయిల్ పెట్టి, ఆ చివరి వరుస లేకపోతే పని ఆగిపోయేటట్టు చేశాను. జీజిప్‌ను అసలే తీసేశాను, ఎందుకంటే కుదించిన ఫైలులో ఒక్క వరుస మారినా ఆ తరువాతి భాగమంతా కొత్తదిగా కనిపించి రెస్టిక్ ముక్కల లెక్క పనిచేయదు. 0.14 వెర్షన్ నుంచి కుదించే పని అదే చేసుకుంటుంది కాబట్టి, పాత రిపాజిటరీని (రెస్టిక్ బ్యాకప్‌లు దాచే చోటును) కొత్త ఫార్మాట్‌కు మార్చుకుంటే చాలు.

బ్యాకప్ రెండో కాపీ విజయవాడ సింగ్‌నగర్‌లోని మా ఇంట్లో, నేలమీద పెట్టిన పాత కంప్యూటరులో ఉండేది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అది మునిగిపోయింది. ఇప్పుడు ఆ కాపీ గుంటూరు అరండల్‌పేటలో మా బావగారింటి రెండో అంతస్తులో ఉన్నది.

నలభై సైట్లు, ఒక్క మనిషి, నల్లతెరపై ఆదేశాలు టైపు చేయడానికి జంకని అలవాటు: నా పరిస్థితి ఇది కనుక నాకు ఇది సరిపోయింది. ఖాతాదారులే బటన్ నొక్కి పాత కాపీ తెచ్చుకోవాలనుకునే వాళ్లకు, వందల ఖాతాలున్న వాళ్లకు, కంట్రోల్ ప్యానెల్‌తో కలిసివచ్చే బ్యాకప్పే నయమేమో. పైగా రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే ఎవరూ చేయగలిగింది లేదు. నాది కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజుల సంచిలో, బీరువా పై అరలో పెట్టాను.