బెరింజర్ ఎక్స్32 మిక్సర్‌ని ఏళ్ల తరబడి వాడాక: పెళ్లిళ్లలో, పద్యనాటకాల్లో, అవధానాల్లో

డిజిటల్ మిక్సర్ కొందామనుకునే ప్రతివాడూ ముందు అడిగేది "సౌండ్ క్వాలిటీ ఎలా ఉంటుందన్నా" అనే. రేకుల షెడ్డు కింద, జనరేటర్ పక్కన కట్టిన స్టేజీ ముందు కూర్చుని శాంప్లింగ్ రేటు (సౌండ్‌ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 48 కిలోహెర్ట్జ్‌కీ 96కీ తేడా చెప్పగలిగినవాడు నాకైతే ఇంతవరకూ తగల్లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. బస్సులు (విడివిడి మిక్స్‌లు పంపే దారులు) ఎన్ని, గొడవ మొదలైతే చెయ్యి ఎంత తొందరగా సరైన చోటికి వెళ్తుంది, కరెంటు పోతే ఏమవుతుంది. గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్లకీ, నాటకాలకీ, చర్చి మీటింగులకీ ఎక్స్32 పెద్ద మోడల్ నడుపుతున్నవాడిగా ఆ లెక్కలోనే రాస్తున్నా.

ఇది 2012లో వచ్చిన బోర్డు. వెనకాలే 32 మైక్ ఇన్‌పుట్లు, 16 అవుట్‌పుట్లు, లోపల 16 మిక్స్ బస్సులు. ఈ అంకెల్లో నాకు పనికొచ్చింది ఆ చివరిదే. ఆర్కెస్ట్రా ఎక్కగానే సింగర్లకి ఒక మానిటర్ (స్టేజీ మీద వాళ్ల సౌండ్ వాళ్లకి వినిపించే స్పీకర్), కీబోర్డుకి ఒకటి, ప్యాడ్స్‌కి ఒకటి, తబలా ఆయనకి "నా తబలా నాకే వినపడట్లేదు బాబూ" అంటే ఇంకొకటి. రివర్బ్, డిలే లాంటి ప్రతిధ్వని ఎఫెక్టులు కూడా బస్సులే తింటాయి, వాటికో నాలుగు తీసేస్తే మిగిలేవి 12. ఎవరైనా చెవిలో పెట్టుకునే మానిటర్లు స్టీరియోలో అడిగితే మనిషికి రెండు చొప్పున పోతాయి, అంటే ఆరుగురితో సరి. పెళ్లి ఆర్కెస్ట్రాకి ఇది చాలు. పెద్ద బ్యాండుకి చాలదు, ముందే తెలుసుకుని కొనండి.

మానిటర్ బస్సు సెలెక్ట్ చేసి సెండ్స్ ఆన్ ఫేడర్ బటన్ నొక్కితే ఫేడర్లన్నీ (సౌండ్ పెంచి తగ్గించే జారుడు మీటలు) వాటంతటవే కదిలి ఆ మానిటర్‌కి ఎవరి సౌండ్ ఎంత వెళ్తోందో చూపిస్తాయి. కొత్తగా చేరిన కుర్రాడికి కూడా ఒక్క పూటలో వచ్చేస్తుంది. ఈక్వలైజర్ గీత వెనకాల ఫ్రీక్వెన్సీ మీటర్ కనపడుతుంది కాబట్టి మైకు కుయ్యిమన్నప్పుడు ఎక్కడ కోయాలో కంటికే తెలుస్తుంది. పద్యనాటకాల్లో దీని విలువ తెలుస్తుంది. నటులు స్టేజీ అంతా తిరుగుతారు, మైకులు ముందు వరసలో ఉంటాయి, గెయిన్ (మైకు సౌండ్‌ని బోర్డులోకి ఎంత పెంచి తీసుకోవాలో ఆ లెక్క) పెంచక తప్పదు, పెంచితే కూత. పైగా మాట నెమ్మదిగా చెప్పిన మనిషే పద్యం ఎత్తుకోగానే మైకు దగ్గరికొచ్చి రాగం లాగుతాడు. ప్రతి చానల్‌కీ కంప్రెసర్ (సౌండ్ మరీ గట్టిగా వస్తే దానంతటదే తగ్గించేది) ఉంది కాబట్టి ఆ దెబ్బకి బాక్సులు అరవకుండా కాచుకోవచ్చు. పోటీల్లో ఒకే రాత్రి వరసగా నాటకాలుంటే ట్రూపుకో సీన్ (బోర్డు సెట్టింగులన్నీ కలిపి) సేవ్ చేసుకుంటాను. అయితే గెయిన్‌ని మాత్రం రీకాల్ సేఫ్‌లో (సీన్ మార్చినా అది మారకుండా) పెట్టుకోండి. లేకపోతే హార్మోనియం మైకు మారినా బోర్డు పాత గెయిన్‌నే తెచ్చి పెట్టేస్తుంది.

నాకు బాగా నచ్చినది చాలామంది అసలు ముట్టుకోని ఆటోమిక్స్. మాట్లాడుతున్నవాళ్ల మైకు పైకి లేపి మిగతావి అదే తగ్గిస్తుంది. ఇది మొదటి ఎనిమిది చానళ్లకే ఉంది. అష్టావధానంలో పృచ్ఛకులు కూడా ఎనిమిదిమందే! అవధానిగారి మైకుని విడిగా ఇంకో చానల్‌లో పెట్టి, పృచ్ఛకుల్ని ఒకటి నుంచి ఎనిమిది దాకా కూర్చోబెడితే చాలా భారం తగ్గుతుంది. అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఏ క్షణంలో దూరతారో ఎవరికీ తెలియదు కదా, ఆపరేటర్ ఫేడర్ వెతికేలోపు జోకు అయిపోతుంది, ఆటోమిక్స్ మాత్రం అందుకుంటుంది. ఘంట కొట్టేవారి మైకుని మాత్రం దీన్నుంచి తీసేసి చేత్తో నడపడం మేలు, ఎందుకంటే ఆటోమిక్స్‌కి మాటా తెలియదు, గంటా తెలియదు, ఏది గట్టిగా వస్తే దాన్ని లేపుతుంది.

ఇక నచ్చనివి. ఏడు అంగుళాల స్క్రీన్ టచ్ కాదు, పక్కన గుండ్రాలు తిప్పుకోవాల్సిందే, మధ్యాహ్నం ఎండలో చూడటం కష్టం. ఇన్‌పుట్ల వైపు ఫేడర్లు 16, చానళ్లు 32, అంటే సగం ఎప్పుడూ వెనక లేయర్‌లో దాక్కుంటాయి. పెళ్లిలో గట్టిమేళం అనగానే డోలు, సన్నాయి ఒక్కసారి ఎగుస్తాయి, ఆ చప్పుడంతా పంతులుగారి కాలర్ మైకులోకి దూరుతుంది, అప్పుడు లేయర్లు మారుస్తూ కూర్చుంటే తాళి కట్టడం అయిపోతుంది. అందుకే మేళం మొత్తాన్ని ఒక డీసీఏ (చాలా చానళ్లని కలిపి నడిపే ఒకే ఫేడర్) మీద, పంతులుగారి మైకుని ఒక్క బటన్‌తో ఆపగలిగే మ్యూట్ గ్రూపులో పెట్టి వాటిని ఎప్పుడూ కుడిచేతి కిందే ఉంచుతాను.

దీంట్లో వైఫై లేదు, ట్యాబ్‌తో నడపాలంటే రౌటర్ మనమే పెట్టుకోవాలి. ఐదు గిగాహెర్ట్జ్ ఉన్నదే తీసుకోండి, హాలు నిండా ఫోన్లుంటే 2.4 మీద ట్యాబ్ తడబడుతుంది. హాల్లో తిరుగుతూ సౌండ్ చూసుకోవడానికి ట్యాబ్ బ్రహ్మాండం. అదొక్కటే ఆధారంగా నడిచే ఫేడర్లు లేని మిక్సర్‌తో వెయ్యిమంది ఫంక్షన్ ఒప్పుకోమంటే మాత్రం నావల్ల కాదు, ఆ టెన్షన్ నాకొద్దు.

కరెంటు సంగతి. బోర్డు మళ్లీ తొందరగానే లేస్తుంది, కానీ అప్పుడప్పుడే చేసిన మార్పులు పోవచ్చు. అందుకే యూపీఎస్ ఖర్చు బోర్డు ధరలోనే కలిపి చూసుకోండి, రౌటర్‌నీ స్టేజ్ బాక్స్‌నీ (స్టేజీ దగ్గర మైకులు గుచ్చే పెట్టె) కూడా దాని మీదే పెట్టండి. స్టేజ్ బాక్స్ కేబుల్ షీల్డ్ ఉన్న క్యాట్5ఈ, కొసల్లో మెటల్ కనెక్టర్లు, పొడవు 80 మీటర్లలోపు. బజార్లో దొరికే మామూలు నెట్ కేబుల్‌తో ఏఈఎస్50 (బోర్డుకీ స్టేజ్ బాక్స్‌కీ మధ్య డిజిటల్ లింకు) నడపొద్దు, స్టాటిక్‌కి సౌండ్ తెగిపోయే రకం అది.

ఇప్పుడు కొత్తగా తీసుకుంటే ఇదేనా అంటే, సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే అవుననే అంటాను. కొనేముందు 25 ఫేడర్లూ కదులుతున్నాయో లేదో, 32 ఇన్‌పుట్లలో ఫాంటమ్ (కొన్ని మైకులకి బోర్డే ఇచ్చే కరెంటు) వస్తోందో లేదో, ఏఈఎస్50 పోర్టులు రెండూ పనిచేస్తున్నాయో లేదో ఒక మైకు, ఒక స్టేజ్ బాక్స్ పట్టుకెళ్లి చూడండి. కొత్తదే కావాలంటే బెరింజర్ వింగ్, అలెన్ అండ్ హీత్ ఎస్‌క్యూ5 రెండూ టచ్ స్క్రీన్‌తో హాయిగా ఉంటాయి. కాకపోతే వింగ్ పెద్ద మోడల్ వెనకాల మైక్ ఇన్‌పుట్లు ఎనిమిదే, ఎస్‌క్యూ5కి 16. బోర్డు ధర చూసి అడ్వాన్స్ ఇచ్చేయకుండా స్టేజ్ బాక్స్ ధర కూడా అడగండి.