పండగ భోజనాలకు పెడన కలంకారీ టేబుల్ క్లాత్: ఏళ్ల తరబడి వాడాక

మా ఆరుగురి డైనింగ్ టేబుల్ మీదకని 60 బై 90 అంగుళాల పెడన కలంకారీ గుడ్డ, అంటే కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో అద్దే నూలు గుడ్డ, కొన్నాం. సంక్రాంతి, ఉగాది, దసరా అన్నిటికీ అదే పరుస్తున్నాం. ఉతికేకొద్దీ నూలు మెత్తబడింది. ఎరుపు మొదట్లో కొట్టొచ్చినట్టుండేది, ఇప్పుడు కాస్త తగ్గి కంటికి హాయిగా ఉంది. మొదటి ఉతుకుకు కొంచెం కుదించుకుపోతుంది కాబట్టి రెండు మూడు అంగుళాలు ఎక్కువే చూసుకోండి.

దీనికి గిట్టనిది పులుపు. ఇందులో నలుపు ఇనప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేసేది. బట్టకు ముందే పట్టించిన కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. నిమ్మరసం పడితే అది చెదిరిపోతుంది. మా గుడ్డ మీద ఒక నెమలి తోక అలాగే గోధుమ రంగుకు తిరిగింది. ఉతికినా ఏమీ మారదు, ఎందుకంటే అది మరక కాదు, రంగే పోయింది. అందుకే పులిహోర, గోంగూర గిన్నెల కింద పళ్లెం తప్పనిసరి.

పసుపుతో అంత టెన్షన్ లేదు. పప్పు ఒలికిన చోట సబ్బు తగిలితే ఎర్రబడుతుంది కానీ, ఎండ తగిలితే పోతుంది. మరక ఉన్న మూలనే ఎండకు పెట్టి, మిగతాది మడిచి నీడన ఉంచుతాను, లేకపోతే అద్దకం వెలిసిపోతుంది. అరటి కర మాత్రం పట్టిందంటే వదలదు. ఆకులు పొద్దున్నే కోసి, ఈనె కిందికి వచ్చేలా నిలబెట్టి, కారడం ఆగాక తుడిచి వేయాలి.

కొనేటప్పుడు గుడ్డ తిరగేసి చూడండి. అచ్చుతో అద్దినదైతే రంగు వెనక్కి దిగి ఉంటుంది, అచ్చు అచ్చు కలిసేచోట కాస్త అటూ ఇటూ జరిగి కనిపిస్తుంది. స్క్రీన్ ప్రింటైతే స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది, వెనక వెలవెలబోతుంది.

అలంకరణకు బంతిపూల దండలు ఫొటోకి బాగుంటాయి గానీ రేకులు పెరుగులో పడతాయి. వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి చామంతులు వేస్తే చాలు, ఎదుటివాళ్ల మొహం కూడా కనిపిస్తుంది. ఫ్యాన్ కింద దీపాలు నిలవవు. సెట్లో వచ్చిన నేప్కిన్లు దండగ. మన భోజనం అయ్యాక ఎవరైనా లేచి చెయ్యి కడుక్కోవాల్సిందే. సింకు పక్కన ఒక తెల్ల తువ్వాలు వేలాడదీస్తే సరిపోతుంది.