ఇనేలో ఒక రాత్రి: ఇంటి కింద సముద్రం, పొద్దుగూకితే తిండి లేదు

జపాన్‌లో క్యోటో అంటే గుళ్ళే అనుకుంటాం గానీ ఇనే అనే ఈ చేపల ఊరు కూడా క్యోటో ప్రిఫెక్చరే (మన జిల్లా లాంటిది), ఉత్తరాన జపాన్ సముద్రం ఒడ్డున. క్యోటో నుంచి అమనోహషిదాతేకి ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటలు, అక్కణ్ణుంచి బస్సులో ఇంకో గంట. బస్సులు తక్కువ, సాయంత్రం తొందరగా ఆగిపోతాయి, టైమింగ్స్ బోర్డుని ముందే ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక్కడ చూడాల్సింది ఫునాయాలు, అంటే పడవ ఇళ్ళు. కింద పడవ, పైన గది, నేల వాలుగా నీళ్ళలోకి దిగిపోద్ది. ఒడ్డు చుట్టూ దాదాపు 5 కిలోమీటర్ల పొడుగునా 230 దాకా ఉన్నాయి. మాది ఉప్పాడ పక్కన, సముద్రం ఇళ్ళు మింగేయడం చూసి పెరిగినోణ్ణి, అందుకే ఇవి ఎలా నిలబడ్డాయా అని ముందు నాకు అదే డౌటు. మూడు వైపులా కొండలు, బే నోట్లో అవోషిమా దీవి అడ్డం, ఆటుపోట్ల తేడా కూడా అర మీటరే అంట. అదీ సంగతి.

మేం ఫునాయాలోనే ఉన్నాం. రేటు గట్టిగానే ఉంది, పైగా ఫోటోల్లో సముద్రం వైపు గది చూపించి మాకు రోడ్డు వైపుది ఇచ్చారు, అడిగితే సారీ అని నాలుగుసార్లు వంగారు తప్ప గది మారలేదు. అయినా పొద్దున్న ఓనర్ పెద్దాయన కింద తాడు లాగి నీళ్ళలోంచి ఒక బుట్ట తీశాడు, మొందోరి అంటారంట, నిన్నటి చేప తలకాయలే లోపల ఎర, నాలుగు చిన్న చేపలు టపటపా కొట్టుకుంటున్నాయి, అది చూశాక కోపం సగం పోయింది.

తిండి మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. చీకటి పడితే తెరిచుండే హోటళ్ళు దాదాపు లేవు, ఇది చేపలు పట్టుకునే ఊరు, తెల్లారకముందే వలల దగ్గరికి వెళ్ళేవాళ్ళు రాత్రి ఎవరికోసం మేలుకుంటారు? మేం జనవరిలో వెళ్ళాం, బురి చేప సీజన్, సాషిమి (పచ్చి చేప ముక్కలు) అంత మెత్తగా నేనెక్కడా తినలేదు. మా ఆవిడ వెజ్, సూప్‌లో కూడా దాషీ అనే చేప రసమే, పాపం కందిపొడితో కానిచ్చింది.

అరగంట బోటు షికారు తప్పకుండా ఎక్కండి, రోడ్డు మీంచి ఫునాయాల ముఖం కనపడదు. రొయ్యల చిప్స్ గాల్లోకి ఎత్తితే సీగల్స్‌తో పాటు గద్దలు కూడా వస్తాయి, వేళ్ళు జాగ్రత్త. 1754 నాటి ముకాయి సాకే (బియ్యంతో చేసే మందు) బట్టీలో ఎర్రబియ్యం సాకే దొరుకుతుంది, దానిమ్మ రసం రంగు, తియ్యగా పుల్లగా.

నాకు నచ్చనిది మనలాంటి టూరిస్టులే. 2005 నుంచి ఊరు రక్షిత ప్రాంతం, కానీ మ్యూజియం కాదు కదా, లోపల మనుషులు కాపురం ఉంటున్నారు, రావొద్దని బోర్డులున్నా మా కళ్ళముందే ఇద్దరు సెల్ఫీ కోసం ఒకరి పడవ షెడ్డులోకి దూరారు, అక్కడ వల బాగుచేస్తున్న ముసలామె తలెత్తి చూసి మళ్ళీ వల్లోకి వంగింది. పొద్దున్నే వచ్చి సాయంత్రం పోయే ట్రిప్పైతే మానేయండి, రాత్రి ఉంటేనే ఆ ఊరికీ నాలుగు డబ్బులు, మీకూ ఊరు కనపడుద్ది.

వస్తూ హెషికో కొన్నా, కానాగంతని తవుడులో ఊరేస్తారు. కాల్చి పప్పుచారులోకి నంజుకుంటే అచ్చం మన ఉప్పుచేపే. వాసనకి పక్క ఫ్లాట్ వాళ్ళు కిటికీ మూసుకున్నారు.