ఈఎల్ఎం327 బ్లూటూత్ స్కానర్: చెక్ ఇంజిన్ లైటుతో టెస్ట్ ఫెయిలైన పాత కారుకు ఎంతవరకు పనికొస్తుంది?

టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. ఎమిషన్ టెస్ట్ మాత్రం తీసేయలేదు. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హారిస్, ట్రావిస్ లాంటి కౌంటీల్లో 2 నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోలు కారు ఏటా ఆ టెస్ట్ పాసైతేనే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అవుతుంది. ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్ వైపు మనవాళ్లు చదువుకునే రోజుల్లో కొనే పాత కామ్రీ, కరోలా, అకార్డ్, సివిక్‌లన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. టెస్టులో సైలెన్సర్ పొగను కొలవరు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల పోర్టుకు కేబుల్ తగిలించి, ఏం జరుగుతోందో కారు కంప్యూటర్‌నే అడుగుతారు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే ఫెయిల్. ఇంజిన్ ఎంత మెత్తగా తిరుగుతున్నా, మైలేజీ ఎంత బాగా ఇస్తున్నా లెక్కలోకి రాదు.

ఈ పరిస్థితిలో చాలామంది కొనేది అగ్గిపెట్టెంత ఉండే నీలం రంగు ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్. దాన్ని ఆ పోర్టులో పెడితే కారు కంప్యూటర్ చెప్పేది ఫోన్ యాప్‌లో కనిపిస్తుంది. ధర 10 నుంచి 20 డాలర్లు. కొనదగిన వస్తువే. కాకపోతే జనం దీన్ని కొనేది లైటు ఆర్పే ‘క్లియర్’ బటన్ కోసం, ఆ బటనే వాళ్లను రెండోసారి ఫెయిల్ చేయిస్తుంది. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు వస్తువు సంగతి. ఈఎల్ఎం327 అనేది కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చిప్పు పేరు. మొదటి వెర్షన్‌కు కాపీ రక్షణ లేకపోవడంతో నకళ్లు ప్రపంచమంతా వ్యాపించాయి. ఆ కంపెనీ 2022లో మూతపడింది. కాబట్టి పది డాలర్లకు దొరికేది ఏదైనా నకలే, డబ్బా మీద వేసిన వెర్షన్ నంబరుకు పెద్ద అర్థం లేదు. పైగా ‘2.1’ అని అమ్మేవాటిలో చాలావరకు కోతపెట్టిన నకళ్లు, కొన్ని కమాండ్లకు జవాబే ఇవ్వవు. ‘1.5’ అని అమ్మేవి సాధారణంగా వాటికంటే నయం. కొన్నాక ఆండ్రాయిడ్‌లో ఈఎల్ఎం327 ఐడెంటిఫయర్ అనే యాప్‌తో ఏయే కమాండ్లు పనిచేస్తున్నాయో చూసి, సగం ఎర్రగా వస్తే వెనక్కి పంపేయండి.

కొనేముందు రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది ఫోను. మామూలు బ్లూటూత్ అడాప్టర్ ఆండ్రాయిడ్‌తోనే జత కలుస్తుంది, పిన్ 1234 గానీ 0000 గానీ అడుగుతుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు ‘బ్లూటూత్ లో-ఎనర్జీ’ (బీఎల్ఈ) రకం గానీ వైఫై రకం గానీ తీసుకోవాలి. రెండోది కారు. అమెరికాలో 2008 మోడల్ నుంచి అన్ని కార్లలో స్కానర్‌తో మాట్లాడడానికి క్యాన్ అనే ఒకే పద్ధతి తప్పనిసరి, అక్కడ చవక నకలు కూడా బాగానే మాట్లాడుతుంది. అంతకుముందు ఫోర్డ్ ఒక పద్ధతి, జనరల్ మోటార్స్ ఇంకొకటి, టయోటా, హోండాలు మరొకటి వాడాయి. 2004 ఫోర్డ్ టారస్ లాంటి కారుకు చవక నకలు ‘కనెక్ట్ కాలేదు’ అనడం చాలా సాధారణం. అలాంటి కారుంటే వీపీక్, వీగేట్ లాంటి కంపెనీల 30, 40 డాలర్ల అడాప్టర్ తీసుకోవడం మంచిది. ఓబీడీలింక్ కంపెనీది ఇంకా గట్టిది గానీ ఒక్క టెస్ట్ కోసమైతే అంత అవసరం లేదు.

అడాప్టర్ పెట్టగానే దాని లైటు వెలగకపోతే దాన్ని తిట్టుకోకండి. చాలా కార్లలో ఈ పోర్టుకు, సిగరెట్ లైటర్‌కు ఒకటే ఫ్యూజు. ఫోన్ ఛార్జర్ వల్ల అది కాలిపోయి ఉండొచ్చు. పోర్టుకు కరెంటు రాకపోతే టెస్ట్ మిషన్‌కు కూడా కారు జవాబివ్వదు, కాబట్టి ఇది ముందే తెలియడం మంచిదే.

యాప్ విషయంలో ‘కార్ స్కానర్’ అనేది మా ఎంపిక. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ ఉంది, ఉచిత భాగమే ఈ పనికి సరిపోతుంది. టార్క్ ప్రో ఆండ్రాయిడ్‌కే. గ్రాఫులు బాగుంటాయి, స్క్రీన్ల అమరిక మాత్రం పాతకాలందే.

ఇప్పుడు అసలు విషయం. యాప్‌లో లోపమేంటో చెప్పే కోడ్ కనిపించగానే పక్కనే ‘క్లియర్’ ఉంటుంది. నొక్కితే లైటు ఆరిపోతుంది. వెంటనే స్టేషన్‌కు వెళ్తే మళ్లీ ఫెయిల్. ఎందుకంటే క్లియర్ చేసినప్పుడు కోడ్‌తో పాటు రెడినెస్ మానిటర్లు కూడా చెరిగిపోతాయి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, వాటి హీటర్లు, పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా చూసే ఇవాప్ వ్యవస్థ, వీటిలో ఒక్కోదాన్నీ కారు తనంతట తాను పరీక్షించుకుని ‘పూర్తయింది’ అని రాసుకుంటుంది. టెస్ట్ మిషన్ ఆ పట్టిక కూడా చదువుతుంది. 2001, ఆ తర్వాతి మోడళ్లకు ఒక్క మానిటర్ మాత్రమే అసంపూర్తిగా ఉండొచ్చు. కాలిఫోర్నియా ఇంకా కఠినం: 2000, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఇవాప్ ఒక్కదానికే మినహాయింపు. బ్యాటరీ వైరు తీసి పెట్టినా జరిగేది ఇదే.

కాబట్టి క్లియర్ కన్నా ముందు చదవాల్సింది మూడు. నిలిచిన కోడ్, ఇంకా లైటు వెలిగించని పెండింగ్ కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్. ఈ మూడోదాన్ని దాదాపు ఎవరూ తెరవరు. కోడ్ పడిన క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచింది, తగ్గించింది) ఎంత అన్నది అందులో ఉంటుంది. క్లియర్ చేస్తే అదీ పోతుంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మెకానిక్ దగ్గరికి వెళ్లినా అదే మీ చేతిలో ఉండే సాక్ష్యం. కోడ్ మాత్రమే కావాలంటే ఆటోజోన్, ఓరైలీ షాపుల్లో ఉచితంగా చదివిపెడతారు. ఈ అడాప్టర్‌కు పెట్టే డబ్బు విలువంతా ఫ్రీజ్ ఫ్రేమ్, లైవ్ డేటా, రెడినెస్ పట్టికల్లోనే ఉంది.

పాత కార్లలో తరచుగా వచ్చే కోడ్‌ల దగ్గర ఇది ఎలా పనికొస్తుందో చూద్దాం.

పి0420, అంటే కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని. ఈ కోడ్ చూడగానే కొన్ని షాపులు వందల డాలర్ల కన్వర్టర్ మార్చమంటాయి. మొదట, కన్వర్టర్ తర్వాత ఉండే వెనక ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టినప్పుడు అది 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు కదలకుండా ఉంటే కన్వర్టర్ ఇంకా పనిచేస్తున్నట్టే. 0.1 నుంచి 0.9 వరకు ఎగిరి పడుతుంటే దాని పని అయిపోయినట్టు. ఇందులో ఒక మెలిక ఉంది. టయోటా, హోండాల్లో ముందు వైపు ఉండేది ఎయిర్ ఫ్యూయల్ సెన్సర్, దాని వోల్టేజీ వేరే లెక్క. ముందు, వెనక సెన్సర్ల గీతలను పక్కపక్కన పెట్టి పోల్చమనే వీడియోలు ఈ కార్లకు పనికిరావు. వెనకదాన్నే చూడండి. ఎగ్జాస్ట్ జాయింట్ దగ్గర గాలి లీకు ఉన్నా ఇదే కోడ్ వస్తుంది, కాబట్టి చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసి టిక్ టిక్ చప్పుడు వినండి. 2007 నుంచి 2009 వరకు వచ్చిన నాలుగు సిలిండర్ల 2.4 లీటర్ల కామ్రీ అయితే ఆయిల్ కూడా చూడాలి. ఆ ఇంజిన్ ఆయిల్ తాగుతుందన్నది తెలిసిన సంగతే. ఆ ఆయిల్ కాలి కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. కారణం వదిలేసి కన్వర్టర్ మారిస్తే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

పి0442, పి0455, పి0456 ఇవాప్ లీకులు: చిన్నది, పెద్దది, అతి చిన్నది. ముందు గ్యాస్ క్యాప్ తీసి రబ్బరు రింగు చూడండి. పగుళ్లుంటే కొత్త క్యాప్ వేయాలి, క్లిక్ మనేదాకా తిప్పాలి. క్యాప్ బాగుండీ కోడ్ తిరిగి వస్తే పర్జ్ వాల్వ్, వెంట్ వాల్వ్, గొట్టాలు చూడాలి. ఇక్కడ అడాప్టర్ చేతులెత్తేస్తుంది. లీకు ఎక్కడో కనిపెట్టాలంటే షాపులో స్మోక్ టెస్ట్ (పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడడం) చేయించాల్సిందే.

పి0171, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. ఈ అడాప్టర్ దమ్ము చూపించేది ఇక్కడే. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఐడిల్‌లో ప్లస్ 20 శాతం ఉండి, 2500 ఆర్‌పీఎంకు తీసుకెళ్తే 5కు దిగివస్తే ఎక్కడో వ్యాక్యూమ్ గొట్టం పగిలినట్టు. ఐడిల్‌లో మామూలుగా ఉండి హైవే మీద పెరుగుతుంటే ఎయిర్‌ఫ్లో సెన్సర్ మురికి పట్టినట్టు, లేదా పెట్రోలు ఒత్తిడి చాలనట్టు. సెన్సర్‌ను దానికోసమే అమ్మే స్ప్రేతోనే కడగాలి. బ్రేక్ క్లీనర్ కొడితే పాడైపోతుంది.

పి0302 లాంటి మిస్‌ఫైర్ కోడ్ (ఇక్కడ రెండో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండలేదని) వస్తే, కారణం తెలుసుకోవడానికి కాయిళ్లను అటూ ఇటూ మార్చి చూస్తే చాలు. రెండో సిలిండర్ కాయిల్ మూడోదానికి వేసి, క్లియర్ చేసి నడపండి. కోడ్ పి0303గా మారితే కాయిల్ పోయింది. మారకపోతే ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టర్. లైటు వెలగడం కాక మిణుకుమిణుకుమంటుంటే మాత్రం నడపకండి. కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది.

రిపేరు అయ్యాక క్లియర్ చేయొచ్చు. అప్పటినుంచి అడాప్టర్‌తో రోజూ రెడినెస్ పట్టిక చూసుకోవాలి. రాత్రంతా నిలిపిన కారును పొద్దున స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. తర్వాత ఊళ్లో పది నిమిషాలు, హైవే మీద 55, 60 మైళ్ల నిలకడ వేగంతో పావుగంట. ఎగ్జిట్ దగ్గర బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గనివ్వాలి. ట్యాంకు పావు నుంచి ముప్పావు మధ్య ఉండాలి. నిండా కొట్టించినా, అడుగంటినా ఇవాప్ పరీక్ష మొదలుకాదు. చాలా టయోటాల్లో ఆ పరీక్ష కారు ఆపిన ఐదు గంటల తర్వాత తనంతట తాను జరుగుతుంది, అందుకే ఒక రోజులో అయిపోవాలనుకోకండి. మొత్తం మీద 50 నుంచి 100 మైళ్లు, మూడు నాలుగు రోజులు పడుతుంది. ఇవాప్ తప్ప మిగతావన్నీ పూర్తయి, పెండింగ్ కోడ్ కూడా లేకపోతే అప్పుడు వెళ్లండి. టెక్సస్‌లో ఫెయిలైన స్టేషన్‌కే 15 రోజుల్లోపు వెళ్తే రెండో టెస్ట్ ఉచితం. ఆ గడువు చూసుకుని రిపేరు మొదలుపెట్టాలి, చివరి మూడు రోజుల్లో క్లియర్ చేస్తే మానిటర్లు పూర్తికావు.

ఇది చేయలేనివి. ఏబీఎస్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఎందుకు వెలిగాయో మామూలు యాప్‌తో చెప్పలేదు. అవి వేరే కంప్యూటర్లు. 2010 మోడళ్ల నుంచి వచ్చిన పర్మనెంట్ కోడ్‌లను ఏ స్కానరూ చెరపలేదు. లోపం తీరి, మానిటర్ పాసైతే కారే చెరుపుకుంటుంది. కాలిఫోర్నియాలో ఈ పర్మనెంట్ కోడ్‌కు కూడా ఫెయిల్ చేస్తారు. ‘టెస్ట్ పాస్ చేయించే పరికరం’ అని వేరేవేవో అమ్ముతుంటారు, వాటి జోలికి పోవద్దు. కాలుష్యం అలాగే ఉంటుంది, పట్టుబడితే కారు యజమానికే చిక్కు.

పాత కారు కొనేటప్పుడు కూడా ఇదే అడాప్టర్ జేబులో ఉండాలి, ముఖ్యంగా కొత్తగా వచ్చిన విద్యార్థుల దగ్గర. ‘కోడ్‌లు క్లియర్ చేశాక నడిచిన దూరం’ అనే అంకె యాప్‌లో కనిపిస్తుంది. అది 12 మైళ్లని చూపించి, మానిటర్లు సగం అసంపూర్తిగా ఉంటే మీరు వచ్చేముందే ఎవరో లైటు ఆర్పేశారన్నమాట. బ్యాటరీ మార్చామని అమ్మేవాళ్లు అంటే, సరే, వారం నడిపాక చూస్తాం అనండి. ఇండియాలోనూ 2013 ఏప్రిల్ నుంచి కార్లలో ఓబీడీ-2 (ఇదే పోర్టు, ఇదే కోడ్‌ల పద్ధతి) తప్పనిసరి కాబట్టి, హైదరాబాద్‌లో స్విఫ్ట్ చూడడానికి వెళ్లినా ఈ అడాప్టర్ పనిచేస్తుంది.

పని కాగానే పోర్టులోంచి పీకేయండి. కీ తీసినా దీనికి కరెంటు అందుతూనే ఉంటుంది. పాత బ్యాటరీ ఉన్న కారును వారం రోజులు కదపకుండా వదిలితే స్టార్ట్ కాకపోవచ్చు. జంప్‌స్టార్ట్‌తోనో కొత్త బ్యాటరీతోనో దాన్ని లేపేసరికి మానిటర్లన్నీ చెరిగిపోయి, పని మళ్లీ మొదటికి వస్తుంది.