విండోస్ ఫైళ్లలోని సీఆర్ తీసేయడానికి ఏ లినక్స్ కమాండు మేలు: టీఆర్, సెడ్, డాస్‌టుయూనిక్స్?

మొన్న బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసులో, అనంతపురం నుంచి కొత్తగా చేరిన తమ్ముడు పిలిచాడు. "అన్నా, చివరి కాలమ్‌లో 'పెయిడ్' అని కనిపిస్తూనే ఉంది. ఆ కాలమ్ 'పెయిడ్'కి సమానమా అని ఆక్ కమాండుతో వెతికితే ఒక్క లైనూ రావట్లేదు." ఫైలు విండోస్ ఎక్సెల్ నుంచి వచ్చింది. ఫైల్ని తెర మీద చూపించే క్యాట్ కమాండుకి, దాగిన క్యారెక్టర్లూ కనపడేలా క్యాపిటల్ ఏ ఆప్షన్ ఇచ్చి చూపించాను. ప్రతి లైను చివరా, ముగింపుని చూపే డాలర్ గుర్తుకు ముందు ఒక టోపీ గుర్తు, పక్కన ఎమ్. అదే సీఆర్, అంటే క్యారేజ్ రిటర్న్ అనే కనపడని క్యారెక్టర్, నంబరు 13. లైను ముగించడానికి విండోస్ 13, 10 నంబర్ల క్యారెక్టర్లు రెండూ పెడుతుంది. లినక్స్‌కి 10 ఒక్కటే ముగింపు. మిగిలిన 13 'పెయిడ్'కి అతుక్కుని డేటాలో కలిసిపోతుంది.

తీసేద్దామనగానే అందరికీ గుర్తొచ్చేది, చెప్పిన క్యారెక్టర్‌ని తీసేసే టీఆర్. ఏ లినక్స్ మెషీన్లోనైనా ఉంటుంది, చిన్న కమాండు. కానీ అది లైను చివరా మధ్యా అని చూడదు, ఎక్కడున్నా తీసేస్తుంది. అదే ఫైల్లో ఒక అడ్రస్‌లో డోర్ నంబరు 12కీ '4వ క్రాస్'కీ మధ్య స్పేసు లేదు, ఒంటరి సీఆర్ ఉంది. టీఆర్ నడిపితే అది '124వ క్రాస్' అయి కూర్చుంది! ఎర్రరూ లేదు, హెచ్చరికా లేదు. ఆ అడ్రస్ పట్టుకుని కొరియర్ కుర్రాడు ఎండలో తిరిగితే గానీ తప్పు బయటపడదు. వేరేవాళ్లు పంపిన డేటా మీద టీఆర్ వాడొద్దని అందుకే గట్టిగా చెబుతాను. పైగా దాని ఔట్‌పుట్‌ని అదే ఫైల్లోకి మళ్లిస్తే, చదవకముందే షెల్ (మన కమాండ్లని నడిపే ప్రోగ్రాము) ఫైల్ని ఖాళీ చేసేస్తుంది.

టెక్స్ట్‌ని లైను లైనుగా మార్చే సెడ్‌కి డాలర్ గుర్తు పెట్టి 'చివర ఉన్నదే తియ్యి' అని చెప్పొచ్చు. ఆ అడ్రస్ చెక్కుచెదరలేదు. ఒక కమాండు ఔట్‌పుట్‌ని ఇంకోదానికి అందించే పైపుల మధ్యలో నా ఓటు దీనికే. ఒక్క జాగ్రత్త: పాత మ్యాకుల్లోని సెడ్‌కి బ్యాక్‌స్లాష్ ఆర్ అంటే సీఆర్ అని తెలీదు. మామూలు ఇంగ్లిష్ ఆర్ అక్షరం అనుకుని, దానితో ముగిసే ప్రతి లైనుకీ తోక కోసేస్తుంది.

ఫోల్డరు నిండా ఫైళ్లుంటే డాస్‌టుయూనిక్స్. ఫైల్ని నేరుగా మారుస్తుంది, టెక్స్ట్ కాని బైనరీ ఫైళ్లను (ఫొటోల్లాంటివి) తనే వదిలేస్తుంది, ఒంటరి సీఆర్‌ల జోలికి పోదు. చాలాచోట్ల విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. సర్వర్లో ఆ అనుమతి లేకపోతే మళ్లీ సెడ్డే.

తమ్ముడి స్క్రిప్టులో ఆక్‌కి ముందు సెడ్ పెట్టాం. 'పెయిడ్' లైన్లన్నీ వచ్చాయి.