కవి పేరు ముందు చెప్పాలా, తర్వాతా?

అమలాపురం దగ్గర ఇంటర్ పిల్లలకి తెలుగు చెబుతాను. ఈ ఏడు రెండు సెక్షన్లకీ అన్నమయ్య ‘ఏమొకో చిగురుటధరమున’ పాట పల్లవీ, మొదటి చరణమూ ఇచ్చి, చదవగానే ఏమనిపించిందో రాయమన్నాను. ఒక సెక్షన్‌కి కవి పేరు, కాలం (1408–1503), తిరుమల సంగతి ముందే చెప్పాను. రెండోదానికి ఏమీ చెప్పలేదు.

పేరు విన్నవాళ్ళ కాగితాలన్నీ ఒకే అచ్చు. జీవాత్మ, పరమాత్మ, శరణాగతి. గైడు చూడకుండానే గైడు భాష! పరీక్షలో మార్కులకైతే ఈ పద్ధతే మేలు, కాదనను.

రెండో సెక్షన్‌లో ముందు నవ్వులు. పెదవి మీద కస్తూరి మరకలు అనగానే ‘లిప్‌స్టిక్ చెరిగిందండి’ అని ఒకడు. తర్వాత చరణంలో నాయిక కడకన్నుల ఎరుపు దగ్గర ఆగారు. ప్రియుడి మీద నాటిన చూపుల్ని ‘నిలువున పెరుకగ నంటిన నెత్తురు కాదు కదా’ అంటుంది ఒక చెలికత్తె, తోటి చెలులతో. వెనక బెంచీ కుర్రాడు, వాళ్ళ నాన్న గోదాట్లో వేటకెళతాడు, ‘గాలం లాంటిదండి, పీకేటప్పుడే నెత్తురొస్తది’ అన్నాడు. ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, నాటడం గురించే మాట్లాడాను గానీ పెరకడం దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

పాడి వినిపించి రాయిద్దామనీ చూశాను. ‘ట్యూన్ బాగుంది’ దగ్గరే ఆగిపోయారు.

పేరు దాచడంలోనూ చిక్కుంది. చివర్లో అన్నమయ్యదని చెప్పగానే ఒక అమ్మాయి లెంపలేసుకుంది. ‘దేవుడి పాటని ముందే చెప్పొచ్చు కదండీ, అంతలా నవ్వేశాం’ అంది. నవ్వినందుకు తప్పేం లేదన్నాను. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల మీదే అధ్యాత్మ సంకీర్తనలు వేరు, శృంగార సంకీర్తనలు వేరు. దొరికినవాటిలో శృంగారానిదే పెద్ద వాటా. ఇది ఆ వాటాలోదే.

అయినా నా మొగ్గు పేరు దాచడం వైపే. పాట నడకే అలా ఉంది. ‘చింతింపరె చెలులు’, ‘ఊహింపరె చెలులు’ అంటూ చూసినవాళ్ళని ఊహించమంటుంది. తిరువేంకటపతి పేరు ఆఖరి చరణం దాకా రాదు. ఆ పేరు పక్కనే ‘సురతపు చెమటలు’, అంటే కలయికలో పట్టిన చెమటలు, కూడా ఉన్నాయి. పదహారేళ్ళ పిల్లల ముందు ఆ పాదం చదవాలంటే నాకే గొంతు తడారిపోతుంది. ఈసారి దాన్ని వదిలేశాను. వచ్చే ఏడు మాత్రం, వాళ్ళ కాగితాలు తీసుకున్నాక, అదే గంటలో చదివేస్తాను.